నూట ఎనభై ఎనిమిది సెకన్లు

1 ఫిబ్రవరి 2016, సోమవారం

మా కరస్పాండెంట్ సీతాపతి సార్ పిలిపించారు. ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీ, జమ్మలమడుగులో, పులివెందులలో దాని బ్రాంచీలు, మూడూ ఆయనవే. మూడు ల్యాబుల్లోనూ ఉన్నవి పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్‌లు. ఆన్ చేసి, వెళ్లి టిఫిన్ తిని రావొచ్చు.

సార్ పక్కన ఆయన బామ్మర్ది శ్రీధర్ కూర్చుని ఉన్నాడు. బెంగళూరు నుంచి ఒక కార్డు తెచ్చాడు. పాత ప్రాసెసర్ పీకేసి దాని చోట ఈ కార్డు గుచ్చితే మిషన్ రెండింతలు వేగం అవుతుందట. కొత్త మిషన్లు కొనే పనే లేదట. నేను బెంచ్‌మార్క్ చేసి రిపోర్టు ఇవ్వాలి.

"బెంచీలు మొన్ననే చేయించినాం గదమ్మా, మళ్లా ఏంది?" అన్నారు సార్.

బెంచీలు కావు, కార్డు పెట్టకముందు ఒక పనికి ఎంతసేపు పట్టింది, పెట్టాక ఎంతసేపు పట్టింది, కొలిచి రాయడం అని చెప్పాను. సరేనన్నారు. రిపోర్టు బాగా వస్తే జూన్ నుంచి నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. తొమ్మిదేళ్లుగా టెంపరరీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. బాగా రావడమంటే నేను బాగా రాయడమా, కార్డు బాగుండడమా అని అడగలేదు.

2 ఫిబ్రవరి, మంగళవారం

నాలుగో నంబరు మిషన్ ఎంచుకున్నాను. లెక్కలేనన్ని అంకెలు ఇచ్చి వరసలో పెట్టమనే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. పని అయిపోగానే ఎన్ని సెకన్లు పట్టిందో అదే చెబుతుంది. ఐదుసార్లు నడిపాను. 188, 189, 188, 187, 188.

అటెండర్ నాగేంద్రమ్మ ఊడ్చడానికి వచ్చి నా వెనక నిలబడింది. ఏం చేస్తాండావని అడిగింది. మిషన్ ఎంత నిదానమో కొలుస్తున్నానన్నాను.

"దానికి కొలిచేదేంది? నన్నడిగితే చెప్తా గదా. శానా నిదానం."

3 ఫిబ్రవరి, బుధవారం

కార్డు పెట్టాం. పెట్టేముందు శ్రీధర్ దానికి కుంకుమ బొట్టు పెట్టబోయాడు. పిన్నుల మీద పడితే షార్ట్ అవుతుందని ఆపాను. డబ్బాకు పెట్టుకున్నాడు.

104.

మళ్లీ నడిపాను. 104. మూడోసారి 103.

శ్రీధర్ వరండాలోకి పరిగెత్తి వాళ్లక్కకు ఫోన్ చేశాడు. నాకూ సంతోషంగానే ఉంది. చూస్తున్నంతసేపూ మాత్రం నిన్నటి అంత సేపే అనిపించింది. ఆత్రంగా చూస్తే అలాగే అనిపిస్తుందేమో.

4 ఫిబ్రవరి, గురువారం

గేటుకు ఫ్లెక్సీ కట్టారు. "సూపర్‌ఫాస్ట్ ల్యాబ్" అని అందరి ఫొటోలూ వేయించారు. నాది ఆధార్ కార్డులో ఫొటో.

6 ఫిబ్రవరి, శనివారం, జమ్మలమడుగు, ఉదయం 9

ఇక్కడ ఆరు కార్డులు పెట్టాను. ల్యాబ్‌లో ఐదు, ఆఫీసులో ఒకటి. పది గంటలకు ఫస్టియర్ వాళ్లకు ఇంటర్నల్ పరీక్ష, కంప్యూటర్ మీదే, అరవై నిమిషాలు. టైం అయిపోగానే మిషనే పేపర్ మూసేస్తుంది.

అదే రోజు, రాత్రి 8, ఇల్లు

చాలా విసుగ్గా ఉంది.

పరీక్షకు లెక్చరర్ మైత్రేయి కాపలా ఉంది. కార్డు పెట్టిన ఐదు మిషన్ల దగ్గర పిల్లలు లేవనే లేదట. తక్కిన వాళ్లంతా వెళ్లి సగం టిఫిన్ డబ్బాలు ఖాళీ చేశాక కూడా రాస్తూనే ఉన్నారట. ఎందుకు లేపలేదని అడిగితే, "స్క్రీన్ మీద ఇంకా టైం ఉందని చూపిస్తాంది మేడమ్. కంప్యూటర్ తప్పు చెప్తాదా?" అంది. ఆ ఐదుగురికీ తొంభైకి పైనే వచ్చాయి. తక్కిన వాళ్లకు యాభై దాటలేదు. సీతాపతి సార్ అప్పుడే ఫోన్ చేసి, కార్డుతో పిల్లల తెలివి కూడా పెరిగిందన్నారు. పులివెందులకు ముప్పై రెండు కార్డులు కావాలని చెప్పేశారట.

నేను మధ్యాహ్నం రెండున్నరకు ఆఫీసు మిషన్ ఆన్ చేసి రిపోర్టు టైప్ చేస్తూ కూర్చున్నాను. మిషన్‌లో నాలుగూ ఐదు నిమిషాలు అని చూసి, నాలుగున్నర బస్సుకు తీరిగ్గా బస్టాండుకు నడిచాను. బస్సు పోయి చాలాసేపైందని కంట్రోలర్ చెప్పాడు. మా కంప్యూటర్లో ఇంకా నాలుగుంబావు కూడా కాలేదన్నాను. అయితే కంప్యూటరెక్కి పోమన్నాడు.

షేర్ ఆటోలో పదకొండు మందిమి. నేను పదకొండో మనిషిని.

7 ఫిబ్రవరి, ఆదివారం

బస్సు తప్పిన సంగతి అమ్మీకి చెప్పాను. మా అమ్మీ పేరు గుల్జార్‌బీ, మాటలో మొహమాటం ఉండదు. "చేతికి వాచీ కట్టుకోని మిషన్ను టైం అడిగేదేందే?" అంది.

అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. బెంచ్‌మార్క్‌లో కూడా నేను మిషన్‌నే కదా టైం అడిగింది.

8 ఫిబ్రవరి, సోమవారం

నాగేంద్రమ్మ చేతికి నా ఫోన్ ఇచ్చి స్టాప్‌వాచ్ నొక్కడం నేర్పాను. కార్డు పెట్టిన నాలుగో నంబరు మిషన్ నడిపాను. పని అయ్యాక స్క్రీన్ మీద 104. ఫోన్లో 171.

ఆరుసార్లు చేశాం. ఆరుసార్లూ అంతే.

మిషన్ వేగం పెరిగింది పదిహేడు సెకన్లే. దాని గడియారం నిదానించింది. ఆ పాత బోర్డుకు ఈ కార్డుతో లెక్క కుదరక, నిజంగా ఒక నిమిషం గడిస్తే ముప్పై ఆరు సెకన్లే గడిచాయనుకుంటోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే బోర్డు మీది బ్యాటరీ గడియారాన్ని చూసి మళ్లీ సరైన టైం చూపిస్తుంది, అందుకే ఎవరికీ తెలియలేదు. అంటే జమ్మలమడుగులో ఆ ఐదుగురు అరవై నిమిషాల పరీక్షను గంటా నలభై నిమిషాలు రాశారు. మార్చిలో యూనివర్సిటీ ప్రాక్టికల్స్. అవీ కంప్యూటర్ టైం మీదే.

నాగేంద్రమ్మకు విడమరిచి చెప్పాను. చీపురు గోడకు ఆనించి, "అంటే పని ఎగ్గొట్టి గడియారాన్ని వెనక్కి తిప్పుతాంది. దీనికి మా మొగుడు ట్రైనింగ్ ఇచ్చినాడేమో" అంది.

9 ఫిబ్రవరి, మంగళవారం

శ్రీధర్‌కు చెప్పాను. నమ్మలేదు. తన ఫోన్‌తో తనే కొలుచుకున్నాడు, ఏడుసార్లు. ఏడోసారి తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు. అతను మోసగాడని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఆ ముఖం చూస్తే కాదని తెలిసింది.

"బెంగళూరులో నాకూ నూటనాలుగే చూపిచ్చినారక్కా. నేను ఆ స్క్రీన్ను చూసినానే గానీ వాచీని చూడలేదు. ఈ కార్డు కొనమని వేంపల్లెలో చెప్పినా, కమలాపురంలో చెప్పినా. మా బావ ముందర తొలీసారి ఒక పని చేసినోని మాదిరి నిలబడినా."

తర్వాత మెల్లగా ఒక ఉపాయం చెప్పాడు. రిపోర్టులో 104 అనే రాసి, కింద చిన్న అక్షరాలతో 'మిషన్ లెక్క ప్రకారం' అని రాయమన్నాడు. అందులో అబద్ధం లేదు కదా అన్నాడు. నా జూన్ కూడా గుర్తుచేశాడు. బెదిరింపుగా కాదు, బతిమాలుతూ.

ఆలోచిస్తానన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

10 ఫిబ్రవరి, బుధవారం

'మిషన్ లెక్క ప్రకారం.' మూడు మాటలు. పదిసార్లు టైప్ చేసి పదిసార్లు చెరిపాను.

11 ఫిబ్రవరి, గురువారం

రిపోర్టులో 171 అని రాసి పట్టుకెళ్లాను. సీతాపతి సార్ రిపోర్టులు చదవరు. అందుకని ఆయన్ని ల్యాబ్‌కు రమ్మన్నాను. చేతి వాచీలో, మిషన్‌లో టైం ఒకటే చేసి, పది నిమిషాలు కూర్చోమన్నాను.

కూర్చున్నారు. నేను, శ్రీధర్, గుమ్మంలో చీపురుతో నాగేంద్రమ్మ. పది నిమిషాలు ఇంత పొడుగని ఇన్నాళ్లూ తెలియదు.

వాచీలో పది అయ్యాయి. మిషన్‌లో ఆరు.

"నాలుగు నిమిషాలు మింగింది" అన్నారు సార్.

యూనివర్సిటీ వాళ్లు చూస్తే పరీక్ష రద్దు చేస్తారని చెప్పాను. జమ్మలమడుగు మార్కులు నిజం కావని కూడా చెప్పాను. ఆయన బామ్మర్దిని చూశారు. శ్రీధర్ తల వంచుకుని, "అక్క చెప్పేది నిజమే బావా. నేను గూడా కొలిచినా" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతను ఎంత ధైర్యం పోగుచేసుకున్నాడో నాకు తెలుసు.

సార్ కోప్పడతారనుకున్నాను. ఆయన వేరేది అడిగారు.

"ఆ ఐదుగురు పిల్లోళ్లు కాపీ కొట్టినారా?"

"లేదు సార్. టైం ఎక్కువ దొరికింది, అంతే."

"అయితే తక్కినోళ్లు గూడా చదువు రాక ఓడిపోలేదు. ఈ ముసలి మిషన్లు కదిలేలోపల టైం అయిపోయింది."

ఆ కోణం నాకు తట్టలేదు. నేను మిషన్లనే కొలుస్తున్నాను.

పులివెందుల కార్డులు వద్దని ఫోన్ చేశారు. జమ్మలమడుగులో అందరికీ మళ్లీ పరీక్ష, ఈసారి కాగితం మీద. పర్మనెంట్ సంగతి ఎత్తలేదు. వెళుతూ వెళుతూ ఫ్లెక్సీ దించమన్నారు.

13 ఫిబ్రవరి, శనివారం

కార్డు పీకి నాలుగో నంబరులో పాత ప్రాసెసర్ మళ్లీ బిగించాను. ఎలాగూ డబ్బా తెరిచాం కదా అని నాగేంద్రమ్మ ఫ్యాన్ మీద చెయ్యి పెట్టింది. దుమ్ము దుప్పటిలా చుట్టలుగా వచ్చింది. "దీనికి ఊపిరెట్లా ఆడతాదమ్మా" అంటూ పాత పెయింటు బ్రష్ తెచ్చి మూలమూలా దులిపింది. నేను ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు, దాని వేడిని లాగేది, గీకి కొత్తది రాశాను.

ఊరికే, అలవాటు కొద్దీ నడిపాను.

ఫోన్లో 152. స్క్రీన్ మీద కూడా 152.

కార్డు కంటే పంతొమ్మిది సెకన్లు తక్కువ. ఇన్నేళ్లూ మిషన్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటోంది. ల్యాబ్ అసిస్టెంట్‌ని నేను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

15 ఫిబ్రవరి, సోమవారం

సార్ తన వాచీ పట్టుకుని తనే కొలిచారు. 152. ఏ కంపెనీ కార్డు పెట్టామని అడిగారు. నాగేంద్రమ్మ బ్రష్ చూపించింది.

చాలాసేపు నవ్వారు. తర్వాత నా పర్మనెంట్ లెటర్ టైప్ చేసుకుని తెమ్మన్నారు, సంతకం పెడతారట. "రిపోర్టు బాగా రాలేదు గద సార్" అన్నాను. "నిజం రాసినావు గదా. నా వాచీ సాక్ష్యం" అన్నారు.

ఫ్లెక్సీ నాగేంద్రమ్మ తీసుకెళ్లి గొడ్ల కొట్టం మీద కప్పింది. నా ఆధార్ ఫొటో కింద రెండు బర్రెలు నీడన ఉన్నాయి.

20 ఫిబ్రవరి, శనివారం, పులివెందుల

ముప్పై రెండు మిషన్లు. బ్రష్ నాగేంద్రమ్మది, పేస్టు నాది, బ్లోయర్ శ్రీధర్‌ది. రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు. ముద్దనూరులో మా బస్సే ఎక్కాడు.

ఇరవై మూడో నంబరు డబ్బా తెరిస్తే ఎలుక పిల్లల్ని పెట్టి ఉంది. ఐదు. ఇంకా కళ్లు తెరవలేదు. శ్రీధర్ బ్లోయర్ ఆపేశాడు. మెల్లగా మూత పెట్టేశాం.

రిపోర్టులో ఆ గడిలో రాశాను: నాట్ టెస్టెడ్.