నీ బట్టల బండను ఒకసారి తిరగేయి, అక్కా

పుప్పాలగూడ,
ఆదివారం

అక్కకు, నీ తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాసేది. ఉత్తరం చూసి గాబరా పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నేను బాగున్నాను. నీ మరదలు కూడా బాగుంది. మూసాపేటలో వంటపని చేసే ఇంట్లోనే ఉంటోంది, పదిహేను రోజులకొకసారి కలుస్తున్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. నా ఫోను మీ ఇంట్లో ఎవరు నమ్ముతారు? మొన్న గొంతు మార్చి "మీ పేరు మీద రెండు మేకలొచ్చినయ్, బస్టాండుకు రాండ్రి" అన్నందుకు బావ తాడు పట్టుకొని పొద్దంతా నిలబడ్డాడు కదా. ఇప్పటికీ నవ్వు ఆగదు. సరే, తప్పే. అప్పటి నుంచి ఏం చెప్పినా "మల్లిగా, పెట్టెయ్ ఫోను" అంటున్నాడు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నేను చూసుకునే సారు గురించి చెప్పాను కదా, కోస్తా వైపు ఆయన. ఎనభై ఏళ్లు. నడుము పట్టేసింది, చక్రాల కుర్చీలోనే ఉంటారు. కొడుకు, కోడలు పొద్దున ఆఫీసుకు పోతే చీకటి పడ్డాక వస్తారు. ఇరవై మూడో అంతస్తు. సారును ఒక్క క్షణం వదలొద్దన్నారు, కాబట్టి నేనూ కుర్చీలో ఉన్నట్టే. కింద నానక్‌రామ్‌గూడ పోయే షేర్ ఆటోలు కనిపిస్తాయి, చప్పుడు మాత్రం పైకి రాదు. అద్దాల కిటికీలు గోడంత ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. వాన పడితే చూడాలే గాని వాసన రాదు. కూరల్లో కారం ఉండదు. ఎవరైనా ఇటు వస్తే ఎల్లిపాయ కారం పంపు. అన్నానని బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

రాముడు వనవాసంలో ఏ దారిన నడిచాడో సారు వెతుకుతున్నారు. రామాయణంలో ఏ నది దాటాక ఏ కొండ వస్తుందో చూసి, పాత శాసనాల్లో ఉన్న ఊళ్ల పేర్లు, పొలిమేరలు దానికి జోడించి, గోడంత పటం గీస్తున్నారు. చూపు మసకబారింది. భూతద్దం పెట్టుకున్నా పెద్ద అక్షరాలే కనిపిస్తాయి. ఇక మందుల్లేవు, ఉన్నన్నాళ్లు ఉంటుంది అన్నారట డాక్టర్లు. అందుకని గీతలు నేను గీస్తాను. గొర్లు కాసినవాణ్ణి కదా, నడక లెక్కలు కూడా నన్నే అడుగుతారు.

"అడవిలో మనిషి రోజుకి ఎంత దూరం నడుస్తాడయ్యా మల్లేశం?"

"ఒక్కడైతే ఏడెనిమిది కోసులు సార్. పెండ్లాంతోని అయితే సగం."

"సగమా? అదేంటయ్యా?"

"మీరు ఎన్నడన్నా అమ్మగారితోని జాతరకు పోయిండ్రా సార్?"

చాయ్ ఒలికేదాకా నవ్వారు. తరువాత గీత చెరిపించి సగం చేయించారు.

అక్కా, ఇప్పుడు అసలు సంగతి. నన్ను పనిలో పెట్టుకున్నది మన ఊరి పేరు విని. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మన బడికి కొత్తగా తెలుగు సారు వచ్చాడు, గుర్తుందా? ఈయనే. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ పట్టలేదు. నెల తరువాత ఒక మడత కాగితం తీసి చూపించారు. తడి కాగితం రాయి మీద పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది తీసిన అచ్చు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు, పైన సూర్యుడు, చంద్రుడు. ఆయన ఎవరో అప్పుడు పోల్చుకున్నాను. అది మన చేను గట్టు మీది రాయి.

నీకు తెలియని ముక్క చెప్తాను. ఆ రాయి మీద వేలు పెట్టి, చదివినట్టు నటించి, "బావా, దీని కింద ఏడు కడవల బంగారం ఉన్నదట" అన్నది నేనే. బావ కొత్త అల్లుడు అప్పుడు. గడ్డపార వేశాడు. బంగారం లేదు, రాయి మాత్రం రెండు ముక్కలైంది. కింది ముక్కను బండి మీద తెచ్చి, అక్షరాలు ఎవరికీ కనబడొద్దని బోర్లా వేసి, నీకు బట్టలుతికే బండ చేశాడు.

వారానికే సారు అచ్చు తీద్దామని పోతే పై సగమే దొరికింది. మరునాడు తరగతిలో "ఎవరు పగలగొట్టారో చెప్పండర్రా, కొట్టను" అన్నారు. నేను వెనక కిటికీలోంచి దూకి ఇంటికొచ్చాను. కడుపునొప్పి అని నువ్వే అమ్మకు చెప్పావు. మళ్లీ బడికి పోలేదు. గొర్ల కోసం కాదక్కా, నా చదువు ఆగింది ఇందుకు.

ఇప్పుడు అదే సారు నాకు ఆ పాత అక్షరాలు నేర్పిస్తున్నారు. కూడబలుక్కొని చదువుతున్నాను కూడా. చెరువు బాగు కోసం ఎవరో భూమి ఇచ్చారట. పొలిమేరలు చెప్తూ "తూర్పున" అన్నదాకా ఉంది, అక్కడ రాయి విరిగింది. ఆ తూర్పున ఉన్నది ఏ వాగో తెలిస్తే, రామాయణంలోని నది మన వాగేనో కాదో తేలుతుందంటారు. పటంలో మన ఊరి దగ్గర అరచేతంత ఖాళీ వదిలారు.

"ఆఖర్న శాపం కూడా ఉంటుందయ్యా," అన్నారొకరోజు. "ఈ దానాన్ని పాడుచేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని."

"అరవై వేలా సార్? కొద్దిగ తగ్గియ్యరాదా?" అన్నాను. ఆయన నవ్వారు. రోజూ ఆయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి తడుముతుంటే, పక్కన నిలబడి చూడాలి. ఈసారి దూకుదామన్నా కిటికీ తెరుచుకోదు.

అందుకని, నీ బండను ఒకసారి తిరగేయి. ఇద్దరు మనుషుల్ని పిలిచి, కట్టెలతో మెల్లగా లేపించు. బావ చేతికి గడ్డపార ఇవ్వకు. మట్టి నీళ్లతోనే కడుగు, గీకొద్దు. ఆరినాక ముగ్గుపిండి పైపైన చల్లి తుడిస్తే గుంతల్లో తెల్లగా నిలుస్తుంది. మనవరాలి ఫోన్‌లో ఫోటో తీయించి పంపు. బోర్లా పడున్నాయి కాబట్టి అక్షరాలు బతికే ఉండాలి. అరిగిపోయి ఉంటే అదే చెప్పు, నా మీద జాలితో ఏదీ దాచకు. ఎట్లా ఉన్నా ఆయన కళ్లు ఉండగానే తెలియాలి.

ఇంతదాకా రాసేసరికి సారు అడిగారు.

"ఎవరికయ్యా అంత పొడుగు ఉత్తరం?"

"మా అక్కకు సార్."

"అలాగా. నా నమస్కారాలు రాయి. ఆ రాయి విరిగినప్పుడు చూసినవాళ్లు ఊళ్లో ఎవరైనా మిగిలి ఉన్నారేమో కనుక్కోమను."

"రాస్త సార్" అన్నాను.

రాశాను. పెద్దాయన నమస్కారాలు అందుకో. చిన్నమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నా తలమీద చెయ్యి పెట్టి ఒక మంచి మాట అనుకో, ఈసారి అవసరముంది. ఆయన అడగమన్నదానికి బావ జవాబు నువ్వు రాసి పంపు. నా జవాబు మాత్రం నీ ఉత్తరం వచ్చేదాకా ఆగదు. ఈరోజు కొడుకు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఇది డబ్బాలో వేసి వచ్చి, చాయ్ పెట్టి ఇచ్చి, ఆయన ఎదురుగా కూర్చొని చెప్పేస్తాను.

ఇది ఎగతాళి కాదు అని ఒట్టేసి,
నీ తమ్ముడు
మల్లేశం