నానబెట్టని చేతిగొడ్డలి

శంషాబాద్,
డిసెంబరు 9, 2012

మల్లేశ్వర్ గారికి నమస్కారం.

మీ నరేందర్‌తో ఎయిర్‌పోర్టులో పనిచేసేవాణ్ణి. వాడి దినాలకు కందుకూరు వచ్చినప్పుడు మీ గొడ్డలి కర్రపిడితో సహా బకెట్ నీళ్లలో నానుతూ కనిపించింది. "కామ నానితెనే గొడ్డలి ఊడకుంట ఉంటది. చిన్నప్పటి సంది చెప్పిన. నా కొడుకు ఎట్ల మరిచిండో" అని మీరు అంటుంటే, మీరిచ్చిన చాయ్ తాగాను.

ఆ రోజు వాడూ నేనూ అడవిలో గుడారం వేసుకుని రెండు రోజులు ఉందామనుకున్నాం. వాడు మీ గొడ్డలే తెస్తానన్నాడు. అది సంచిలో పట్టదని, తళతళలాడుతున్న చిన్న చేతిగొడ్డలిని నేనే ఎంచి కొన్నాను. "కొత్త కామ అన్నా, జర నానేద్దాం" అంటూ వాడు బకెట్ నింపాడు. తుప్పు పడుతుందని ఆ నీళ్లు నేను పారబోశాను.

కట్టెలు కొడుతుంటే గొడ్డలి ఊడి వాడికే తగిలిందని పోలీసులకు చెప్పాను. కొట్టింది వాడు కాదు. వాడు నా ఎదురుగా కూర్చుని పొయ్యికి రాళ్లు పేరుస్తున్నాడు. కామ నా చేతిలో ఉండిపోయింది.

ఈ ఉత్తరం స్టేషన్‌లో ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. వాడు మరిచాడని మాత్రం ఇంకెవరితోనూ అనకండి.