మరియమ్మక్క చాప

శనివారం, చైతన్యపురి

రేపు మా చర్చిల బాప్టిస్టుల చరిత్ర నేనే చెప్పాలె. అమెరికాల అంతర్యుద్ధం నడిచినప్పుడు దక్షిణాది బాప్టిస్టులు బైబిలు చూపించి బానిసత్వం తప్పు కాదన్నరంట. బానిసలు గూడ అదే చర్చికి పోయేటోళ్లు, కాని వేరేగ, వెనక కూసునేటోళ్లు.

"అది వదిలెయ్యమ్మా, మనోళ్లు పరేషాన్ అయితరు" అన్నరు పాస్టర్‌గారు. నేను ఒప్పుకోలే.

పొద్దూకినాక చర్చి ఊడ్చే మరియమ్మక్క కుర్చీలు వేస్తున్నది. "రేపు నువ్వు గూడ కుర్చీల కూసో అక్కా" అన్న.

"నాకెందుకమ్మా, చెప్పుల కాడ నా చాప ఉన్నది గద" అని నవ్వింది.

పోయిన క్రిస్మస్‌కు ఆ చాప కొనిచ్చింది నేనే. అందరు మెచ్చుకున్నరు గూడ.