చంటోడికి నీళ్లు పట్టు

భవానీపురం,
బుధవారం పొద్దున.

ప్రియమైన కరుణక్కకు,

చెల్లెలు సుగుణ వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారనుకున్నాను, యేసురత్నం బాబాయి మా హాస్టల్ గేటు దగ్గరకొచ్చి చెప్పేదాకా. "మీ అక్క బిడ్డకి నిన్నటి నుంచీ ఒకటే విరేచనాలమ్మా. మీ అమ్మ నీళ్లచుక్క కూడా పట్టనివ్వటం లేదు" అన్నాడు. చల్లపల్లి బస్సు వెళ్లిపోతుందని బయట కంగారు పడుతున్నాడు. ఈ ఉత్తరం బాబాయి చేతికే ఇచ్చి పంపాలి, అందుకే ఈ గజిబిజి రాత.

ముందు ఇది చెయ్యి. నీళ్లు కాచి చల్లార్చు. చిన్న చెంబెడు నీళ్లలో నాలుగు వేళ్లతో తీసినంత పంచదార, చిటికెడు ఉప్పు వేసి కలుపు. నువ్వు రుచి చూడు. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలుపు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టు. కక్కితే కాసేపాగి మళ్లీ పట్టు. నీ పాలు మానొద్దు. వాడి కళ్లు లోపలికి పోయినా, మగతగా పడి ఉన్నా, ఉచ్చ పోయకపోయినా ఇక ఒక్క క్షణం ఆగొద్దు. బావని బండి కట్టమని చల్లపల్లి ఆసుపత్రికి తీసుకుపో.

అమ్మ తిడుతుంది. తిట్టనీ. "నీళ్లు పోస్తే నీళ్లే పోతాయి, మిమ్మల్నందర్నీ నేను పెంచలేదా" అంటుంది. నర్సు చదువుకని వెళ్లి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే డాక్టరమ్మ అయిపోయిందని నన్నూ కడిగేస్తుంది. పడతాను. నువ్వు మాత్రం చెంచా కింద పెట్టకు.

నాకెలా తెలుసంటావా? ఇంగ్లీషు సరిగా రానివాళ్లకి ఇక్కడ రోజూ ఒక క్లాసు. మేడం ఒక పేరా ఇస్తారు, చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ పేరాల నిండా ఎంతసేపూ ఈగలు, మురుగునీళ్లు, తాగుడు, పుచ్చిపళ్లు. పరీక్ష తప్పితే ఇంటికి పంపేస్తారని హడలిపోతూ చదువుతున్నాను. ఎండకి గది కుంపటిలా ఉంది. సాంబారులో ముక్క దొరికితే పండగే. అన్నం ముందు కూర్చుంటే మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నానక్కా, అమ్మని దిగులు పడొద్దను. మొన్నటి పేరా విరేచనాలు పట్టుకున్న బిడ్డ గురించే.

ఇక్కణ్నించి పైకి చదవకు. అమ్మ వినకూడదు.

ఆ పేరా కింద ఒక ప్రశ్న ఉంది, తల్లి బిడ్డకు నీళ్లు ఎందుకు ఆపింది అని. అజ్ఞానం వల్ల అని రాశాను. మేడం రైటు కొట్టారు. మార్కులన్నీ వచ్చాయని సంబరపడ్డానేగాని, పోయిన తమ్ముడు దానియేలు నాకు గుర్తు కూడా రాలేదు. ఇందాక బాబాయి మాట విన్నాక వచ్చాడు. విరేచనాలతో పడి వాడు నీళ్లు నీళ్లని ఏడుస్తుంటే, మనసాగక తనే ఎక్కడ పోసేస్తానోనని అమ్మ మంచినీళ్ల కుండ తీసుకెళ్లి పక్కింట్లో పెట్టొచ్చింది. వాడు పోయేదాకా తనూ గుక్కెడు తాగలేదు. మేడం ఎన్ని మార్కులేసినా నా జవాబు తప్పు.

అందుకే పుస్తకంలో ఉందని అమ్మతో వాదించకు. సుగుణ భయపడి ఏడుస్తోందని చెప్పు. అదీ నిజమే.

అమ్మకి, బావకి నా వందనాలు. నా కోసం కాదు, చంటోడి కోసం ప్రార్థన చెయ్యమను. బాబాయి పిలుస్తున్నాడు.

నీ చెల్లెలు,
సుగుణ

ఇంట్లో కుండ కనపడకపోతే పక్కింట్లో చూడు.