నీళ్ళు లేని పడవ

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మీ బావ మోకాళ్ళు తప్ప ఇక్కడ అన్నీ కులాసాగానే ఉన్నాయి. మరదలికి దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. పాత కుట్టుమిషను అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు. మీ బావ దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

ఇక నీ స్టాంపు సంగతి. పడవ ఉండి కింద నీళ్ళు లేని ఆ స్టాంపులు లోకం మొత్తం మీద పాతిక కూడా లేవనీ, అందులో ఒకటి నీకు దొరికిందనీ నాలుగు పేజీలు రాశావు. నీ పెళ్ళి కుదిరినప్పుడు కూడా అంత రాయలేదు. చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీలం రంగు పడని ఆ స్టాంపుల షీటు నేను పనిచేసిన అచ్చాఫీసు దాటి పోయిందని అప్పట్లో అందరినీ వరసగా నిలబెట్టి దులిపేశారు. ఇప్పుడు దాన్నే అద్దాల పెట్టెలో పెట్టి మురిసిపోతారట. తప్పుకి ఇంత గిరాకీ ఏమిటో నా బుర్రకి ఎక్కడం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు మూడుసార్లు రాసి చించేశాను. పాత కాగితాల్లో తనిఖీ చీటీ బయటపడిందనీ, దాని మీద నా పక్కన పనిచేసిన పొట్టక్క సంతకం ఉందనీ, మీ స్టాంపుల సంఘం పత్రికలో పొరపాటు చేసిన మనిషిగా ఆమె పేరు వేస్తాననీ రాశావు. ఆ పేరు వేయకు. ఆ సంతకం పెట్టింది నేను.

మా గదిలో బల్లకి ఇద్దరం. షీట్లు చూసినవాళ్ళు కట్ట మీద చీటీలో సంతకం చేయాలి. ఒకరు పనిబడి వెళ్ళిపోతే రెండోవాళ్ళం ఆ కట్టలు కూడా చూసి, వెళ్ళినవాళ్ళ సంతకమూ మేమే పెట్టేసేవాళ్ళం. ఆ రోజు బిడ్డకి జ్వరమని పొట్టక్క మధ్యాహ్నమే వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది. ఆమె కట్టలు నేనే చూశాను. అంత తెల్లగా ఉన్న షీటు నా కళ్ళకి ఎలా ఆనలేదో ఇప్పటికీ అంతుపట్టదు. మేనేజరు ఆ చీటీ చూపించి ఆమెని నిలదీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తల వంచుకుని షీట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆమె నా వైపు చూడకుండా, "నా సంతకమే సార్," అంది.

నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. ఆమె తన ఒక్క ఉద్యోగంతో సరిపెట్టింది. ఎందుకలా చేసిందో తెలియదు. అడిగే మొహం లేక, ఆమె ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేదాన్ని. ఈ సంగతి మీ బావకి కూడా చెప్పలేదు. సిగ్గేసింది తమ్ముడూ, ఇప్పటికీ వేస్తోంది.

మొన్న నీ ఉత్తరం పట్టుకుని పొట్టక్క ఇంటికి వెళ్ళాను. ఉల్లిపాయలు తరుగుతూ మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. కత్తి పక్కన పెట్టి ఒకే మాట అడిగింది.

"మీ తమ్ముడు ఆ ఏడు పరీక్ష గట్టెక్కాడా?"

నీ పరీక్ష ఫీజు ఎలా కట్టాలా అని ఆ రోజుల్లో బల్ల దగ్గర కూర్చుని ఆమెతోనే మొత్తుకునేదాన్ని. తల ఊపాను. పత్రికలో ఏం వేయాలో నాకు తోచడం లేదు. అది తర్వాత చూద్దాం. నువ్వు ముందు ఒకసారి వచ్చి ఆమెకి కనిపించు.

ఇట్లు,
మీ అక్క