ఆమెన్ అన్నందుకు

జూన్ 4, 1979. సోమవారం

మా ఆయన పోయి నలభై రోజులు. నిన్న సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన. అందరం కళ్ళు మూసుకున్నాక పాస్టర్ అయ్యగారు ఆయన గురించి రెండు మాటలు, మరిది ఉద్యోగం గురించి ఇరవై మాటలు ప్రార్థించారు. "అన్న స్థానంలో తమ్ముణ్ణి నిలబెట్టు తండ్రీ." అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. చిన్నప్పటి నుంచి అలవాటు, ప్రార్థన ఆగిన చోట నోరు దానంతటదే అంటుంది.

ఈ రోజు పొయ్యి ముందు అత్తమ్మ... "అందరి ముందట ఆమెన్ అన్నవ్ బిడ్డా. దేవునికి ఇచ్చిన మాట గది."

నేను దేవుడితో ఏం మాట్లాడానో నాకంటే ఈమెకే బాగా తెలుసు.

జూన్ 6

కాగితం వచ్చింది. మరిది జాన్ టైపు చేయించి తెచ్చాడు. ఆయన పనిచేసిన సర్కారు కార్ఖానా రూలు ప్రకారం చనిపోయినవాడి బదులు ఉద్యోగం ముందు భార్యకు. భార్య వద్దంటేనే తమ్ముడికి. 'నాకు అభ్యంతరం లేదు' అని నేను సంతకం పెట్టాలి, ముప్పయ్యో తేదీలోగా.

"నీకేం ఫికర్ వదినె? నేనున్న గద. నీ బువ్వ, పాప బువ్వ నా జిమ్మ."

మంచివాడే. అదే చిక్కు. చెడ్డవాడైతే ఈపాటికి తేల్చేసేదాన్ని. పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో పొద్దస్తమానం థాన్లు విప్పి మడత పెట్టే పని వాడిది. సర్కారీ నౌకరీ వస్తేనే పిల్లనిస్తామన్నారట. ఆ వచ్చే పిల్ల మా ఇద్దరి బువ్వ గురించి ఏమంటుందో ఎవరికీ పట్టలేదు.

కాగితం అల్మారాలో పెట్టాను. సంతకం పెట్టలేదు.

జూన్ 8

సైదాబాద్ వెళ్ళాను, అన్న దగ్గరికి. నేను పదో తరగతి పాసైనప్పుడు గల్లీ అంతా పేడాలు పంచినవాడు.

"ఇచ్చెయ్ చెల్లె. కార్ఖానల మొగోళ్ళ నడుమ నువ్వేం పని చేస్తవ్? మంది ఏమంటరు?"

"రేపు వాళ్ళు పొమ్మంటే నీ ఇంటికి రావాల్నా అన్నా?"

అన్న వదిన వైపు చూశాడు. వదిన బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపు కడిగింది. నేను బస్సు టైమైందని లేచాను. ఉండమని ఎవరూ అనలేదు.

జూన్ 9

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన పోయినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

జూన్ 12

పక్కింటి ఖైరున్నీసా ఆపా దగ్గర కూర్చున్నాను. మరుదులతో కోర్టు దాకా కొట్లాడి తన గది దక్కించుకున్న మనిషి. ఈమైనా ఇవ్వకు అంటుందనుకున్నాను. అనిపించుకోవడానికే వెళ్ళాను, అబద్ధమెందుకు.

"నా మాట వింటే ఇచ్చెయ్ బేటీ. నేను లడాయి చేసిన, గెల్చిన. ఇప్పుడు ఈద్ రోజు సేమ్యాలు వండి ఎదురుచూస్త. ఒక్కడు రాడు."

నాకు కావలసిన మాట చెప్పలేదని ఆమె మీద కూడా కోపం వచ్చింది. టీ సగంలో వదిలేసి వచ్చాను.

జూన్ 15

అందరిదీ ఒకటే పాట. నీ పెనిమిటి ప్రకాశం ఉంటే ఏమనేవాడో ఆలోచించు...

ఆలోచించాను. తమ్ముడికే ఇమ్మనేవాడు. నన్ను అడక్కుండానే ఇచ్చేవాడు. ఫలక్‌నుమాలో ఈ ఇంటికి మారే రోజు కూడా, బండి గుమ్మం ముందు నిలబెట్టాకే నాకు చెప్పాడు. బతికుండగా ఒక్కసారీ ఆయన మాట కాదనలేదు. పోయాక కాదంటే అదేం మర్యాద?

ఏడ్చాను. ఆయన లేడనా, ఆయన మీద కోపమా... రెండూ.

జూన్ 18

కార్ఖానా ఆఫీసుకు వెళ్ళాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుమాస్తా తల ఎత్తకుండా ఫారం తీశాడు. "మీరేమంటరమ్మా? మీకు గావాల్నా, మరిదికి ఇస్తరా?"

ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న అడిగింది ఇతనొక్కడే. అదీ ఫారంలో ఖాళీ నింపడానికి.

ఇంట్లో అడిగి చెప్తానన్నాను! సిగ్గులేని దాన్ని. ఎవరిని అడుగుతాను ఇంకా?

జూన్ 20

జాన్‌కు ఇస్తామన్న పిల్ల తండ్రి ఇల్లు చూడడానికి వచ్చాడు. నేనూ పాపా పడుకునే గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ గదిల ఎవలుంటరు?"

జాన్ తల దించుకున్నాడు. "ఇప్పటికైతే వదినె."

అత్తమ్మ విన్నది. టీ గ్లాసులు తీసుకుపోయింది.

జూన్ 21

రాశాను. టైపు కాగితం మీద కాదు, తెల్లకాగితం మీద. ఉద్యోగం నాకే కావాలి. మూడు వాక్యాలు. మా పంతులమ్మ చూస్తే దస్తూరి బాగుందనేది. గుమాస్తా ముద్ర వేసి తీసుకున్నాడు.

జూన్ 22

లొల్లి. అత్తమ్మ గుండెలు బాదుకుంది. "కొడుకు పాయె, చిన్న కొడుకు బతుకు గూడ గిట్ల చేస్తివి." జాన్ సంచి సర్దుకుని దుకాణంలోనే ఉంటానని పోయాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం పాస్టర్ అయ్యగారు. "ఆమెన్ అని మాట తప్పడం మంచిది కాదమ్మా."

"మీరు కళ్ళు మూయించి అడిగారు అయ్యగారూ. కళ్ళు తెరిచాక ఒక్కసారి అడగాల్సింది."

టీ తాగకుండా వెళ్ళిపోయారు.

జూన్ 24. ఆదివారం

చర్చికి వెళ్ళాను. బెంచీ మీద నా పక్కన చోటు ఖాళీ. ప్రార్థన అయింది. పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

జూలై 2

పిల్ల తరఫువాళ్ళు సంబంధం వద్దన్నారని కబురు. తప్పు నాదే అంటున్నారు. నిజమే, కొంత నాదే.

జూలై 11

ఆర్డరు వచ్చింది. స్టోర్సులో హెల్పర్. సోమవారం చేరాలి. ఇంట్లో చదివి వినిపించాను. పాప ఒక్కతే చప్పట్లు కొట్టింది.

జూలై 14

మధ్యాహ్నం అత్తమ్మ వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. మూడు వారాలుగా నాతో మాటల్లేవు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను ఈడ ఉంచుకుంటవా, జాన్ తాన్కి పొమ్మంటవా? జెర ముందుగాలనే చెప్పు బిడ్డా."

అడగడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఉండు అత్తమ్మా అనాలి, ఒక్క మాట. నోటి దాకా వచ్చింది.

అనలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆమె అలాగే నా ముఖం చూస్తూ కూర్చుంది. నాకు బాగనిపించింది... అట్లా చూస్తుంటే.

రేపు చెప్తాను.