నిలవడి వండే గట్టు

అవ్వా,

ఇయ్యాల పెత్రమాస. నువ్వు పోయినంక నీ పేరు మీద బియ్యమిచ్చుడు ఇదే మొదలు.

కంఠేశ్వర్‌ల ఉన్న మనింటి వంటర్రను తమ్ముడు కొత్తగ చేపిచ్చిండు. నువ్వు గోనెసంచి ఏసుకొని బీడీలు చుట్టిన కాడ ఇప్పుడు రంగురంగుల బండలున్నయ్. గోడ నుంచి అర్ర నడుమ దాంక సిమెంటు గట్టు వచ్చింది. మూడు దిక్కుల నిలవడి పని చేసుకోవచ్చు. "మోకాళ్లు పట్టేస్తున్నయ్ కొడుకా, నిలవడి వండెతందుకు ఓ గట్టు కట్టియ్" అని నువ్వు ఎన్నేండ్లు అడిగినవే! "సూద్దాం తియ్" అనేటోడు తమ్ముడు.

పొద్దుగాల గారెలు చెయ్యవోతే తమ్ముని పెండ్లం అడ్డమొచ్చింది. "వదినా, సిమెంటు మీద పసుపు, చింతపండు పడితే మరక పోదట. ఎన్కకు పోయి చెయ్యి." ఎనక పొయ్యి కాడ గొంతుకూసొని అన్ని వండిన, నీ లెక్కనే. లేస్తుంటే మోకాళ్లు కలుక్కుమన్నయ్.

చుట్టాలొచ్చినంక తమ్ముడు నీ ఫొటో తెచ్చి గట్టు మీద పెట్టిండు. "అవ్వ కోసమే కట్టిపిచ్చిన" అన్నడు. అందరు తలకాయలూపిండ్రు.

నీ ముందట ఇస్తారేసి వడ్డించింది నేనే. పప్పుచారు గిన్నె మొత్తం గట్టు మీద వంచిన. చెయ్యి జారలే అవ్వా, కావాలనే వంచిన.

నీ కొడుకు ఇంకా రుద్దుతనే ఉన్నడు.